హోటల్ లాబీలా మారిన హాలులో ఒక అరుగు

ప్రశ్న: మాది విజయవాడలో ఐదో అంతస్తులో రెండు పడకగదుల ఫ్లాటు. హాలు 11 అడుగుల వెడల్పు, 17 అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల ఎత్తు. పడమర వైపు ఆరడుగుల అద్దాల తలుపు, దాని అవతల బాల్కనీ. నేల మీద మెరిసే క్రీమ్ రంగు టైల్స్, పైన ఆరు తెల్లటి ప్యానెల్ లైట్లు. సోఫా ఉత్తరం గోడకు, టీవీ దక్షిణం గోడకు. ఈ రెండు గోడలకూ ముదురు బూడిద రంగు వేయించాం. ఫొటోల్లో చూసి ముచ్చటపడ్డ రంగే, కానీ మా ఇంట్లో హోటల్ లాబీలా ఉంది. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, సోఫాలో కూర్చుంటే ఒక పట్టాన లేవలేరు. పదేళ్ల పాప చదువుకోవడానికి తనకంటూ ఒక మూల కావాలంటోంది, తనకు నెమలికంఠం రంగు ఇష్టం. చూసినవాళ్లు ఫాల్స్ సీలింగ్ అంటున్నారు, ఆర్చీలంటున్నారు, గుండ్రటి ఫర్నిచర్ అంటున్నారు. సోఫా, టీవీ యూనిట్ మార్చే ఉద్దేశం లేదు. ఏది చేయాలి, ఏది మానాలి?

జవాబు: సోఫా మార్చక్కర్లేదు, గోడలు కదిలించక్కర్లేదు. దీపాలు మారాలి, బూడిద రంగు పోవాలి, పడమటి మూలన ఒక అరుగు రావాలి. ఆర్చీ ఒక్కటి చాలు, దాన్ని కూడా కట్టించక్కర్లేదు, రంగుతో గీయిస్తే సరిపోతుంది. ఫాల్స్ సీలింగ్ మాత్రం మానేయండి.

రంగు డబ్బా కొనకముందే దీపాల సంగతి చూడండి. రాత్రిపూట గోడ రంగును నిర్ణయించేది దీపమే. మీ ప్యానెళ్లు తెల్లగా ఉన్నాయంటే దాదాపుగా అవి 6500 కెల్విన్ రకం అయి ఉంటాయి (కెల్విన్ అంటే వెలుతురు ఛాయను చెప్పే కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుతురు పసుపు వైపు వెళ్తుంది). మబ్బు పట్టిన పగటి వెలుతురులో ఉండే నీలి ఛాయ వాటిలో ఉంటుంది. ఆ వెలుతురులో బూడిద రంగు ఇనుములా, క్రీమ్ టైల్ పసుపు మరకలా కనిపిస్తుంది. పైగా టైల్ మెరుస్తుంది కాబట్టి నేల మీద ఆరు తెల్లటి చుక్కలు కూడా తేలతాయి. ఈ ఆరింటినీ 3000 కెల్విన్ వాటితో మార్పించండి. పెట్టె మీద సీఆర్ఐ, అంటే దీపం రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె, 90 లేదా ఆపైన అని రాసి ఉన్నవే అడగండి. అది తక్కువైతే మట్టి రంగులు, ఎరుపులు, మనుషుల ఒంటి ఛాయ అన్నీ కళ తప్పి కనిపిస్తాయి. సగం మార్చి సగం ఉంచకండి. ఒకే చూపులో రెండు రకాల తెలుపు పడితే ఒకటి నీలంగా, ఇంకొకటి పచ్చకామెర్లు వచ్చినట్టుగా ఉంటుంది. హాల్లోంచి వంటగది కనిపిస్తుంటే అక్కడ 4000 కెల్విన్ పెట్టుకోవచ్చు, కూరగాయలు తరగడానికి ఆ వెలుతురు బాగుంటుంది.

ప్యానెళ్లు మార్చాక కూడా వాటిని రోజంతా వేయకండి. ఊడ్చేటప్పుడు, చుట్టాలు వచ్చినప్పుడు అవి కావాలి. మామూలు సాయంత్రాలకు రెండు కింది దీపాలు చాలు: సోఫా పక్కన నిలబెట్టేది ఒకటి, అరుగు మీద గోడకు బిగించేది ఒకటి. హోటల్ లాబీ తరచుగా పైనుంచి, గది అంతా ఒకేలా వెలుగుతుంది. ఇంట్లో వెలుతురు కూర్చున్న మనిషి దగ్గరే ఎక్కువగా ఉండి, మూలల వైపు తగ్గుతూ పోతే గది మనదనిపిస్తుంది. నిలబెట్టే దీపం గొడుగు (షేడ్) కింది అంచు నేల నుంచి 40, 42 అంగుళాల ఎత్తులో ఉండాలి. అంతకంటే పైకి పోతే కూర్చున్నవాళ్ల కళ్లలో బల్బు గుచ్చుకుంటుంది.

ఇక రంగు. ముదురు బూడిద చెడ్డ రంగేమీ కాదు, మీ గదిలో అది పడిన చోటు తప్పు. మీ హాలులో వెలుతురు పడమటి అద్దాల తలుపులోంచి మాత్రమే వస్తోంది. ఎదురెదురుగా ఉన్న రెండు పొడవాటి గోడలూ ఆ వెలుతురును మింగేస్తున్నాయి, చివర అద్దం ఒక్కటే ధగధగలాడుతోంది. అందువల్ల గది సొరంగంలా సాగి, ఉన్న 11 అడుగులు కూడా తొమ్మిదిలా అనిపిస్తుంది. రెండో సంగతి, పసుపు ఛాయ ఉన్న క్రీమ్ పక్కన నీలి ఛాయ ఉన్న బూడిద పెడితే కన్ను రెంటినీ దూరం తోస్తుంది. క్రీమ్ ఇంకా పచ్చగా, బూడిద ఇంకా నీలంగా మారతాయి. నేల కూడా ఒక రంగేనని చాలామంది లెక్కలోకి తీసుకోరు. మీ హాలులో 187 చదరపు అడుగుల క్రీమ్ రంగు ముందే పరిచి ఉంది. గోడ రంగు దానితో సర్దుకోవాలి తప్ప ఫొటోలోని గోడతో కాదు.

నాలుగు గోడలకూ వెచ్చటి సున్నపు తెలుపు వేయించండి: లేత ఇసుక ఛాయ కలిసిన తెలుపు. రంగు ఎంత వెలుతురును తిప్పి పంపుతుందో చెప్పే ఎల్‌ఆర్‌వి అనే అంకె ఒకటి ఉంటుంది, 0 నుంచి 100 దాకా. కంపెనీల రంగు కార్డుల మీదో, వాళ్ల వెబ్‌సైట్లలోనో దొరుకుతుంది. మీకు 70, 75 మధ్యలో ఉన్నది సరిపోతుంది. 85 దాటిన మల్లెపువ్వు తెలుపు వద్దు. మధ్యాహ్నం మూడు తర్వాత పడమటి ఎండ ఆ తెలుపు మీదా, మెరిసే టైల్ మీదా పడితే కళ్లు చిట్లించుకుని కూర్చోవాలి. కార్డు మీద నచ్చిన దానికంటే ఒక మెట్టు లేతది తీసుకోండి. నాలుగు గోడల మధ్య వెలుతురు ఒక గోడ నుంచి ఇంకో గోడకు కొట్టుకుంటూ రంగును చిక్కబరుస్తుంది, కార్డు మీద లేతగా ఉన్నది గదిలో ముదురుతుంది. అద్దాల తలుపు ఉన్న పడమటి గోడకు ఎప్పుడూ ముదురు రంగు వేయించకండి. వెలుతురు ఆ గోడ వెనక నుంచి వస్తుంది కాబట్టి అది ఎలాగూ నీడలో ఉంటుంది, ముదురు వేస్తే తలుపు చుట్టూ నల్లటి చట్రం కట్టినట్టు అవుతుంది.

మీకు కావలసిన చిక్కదనం అంతా ఒకే చోట, అరుగు వెనక పెట్టుకుందాం. అక్కడ గీసే ఆర్చీకి జాజు రంగు. పాత ఇళ్లలో సున్నం గోడల అడుగున పూసిన జాజుపట్టీ మీకు గుర్తుండే ఉంటుంది, తెలుపు పక్కన ఆ ఎరుపు ఎంత నిండుగా ఉండేదో. ఒక జాగ్రత్త: సాయంత్రపు ఎండ నారింజ ఛాయలో ఉంటుంది, అది పడగానే ఎరుపు మండిపోతుంది. కాబట్టి ఇటుక ఎరుపు కాకుండా, గోధుమ వైపు ఒరిగిన, కాస్త దుమ్ము పట్టినట్టుండే జేగురు ఛాయ తీసుకోండి. విజయవాడ ఎండల్లో గోడంతా ఆ రంగు వేస్తే ఉక్కపోత రంగులోనే కనిపిస్తుంది. 36 చదరపు అడుగుల దగ్గర ఆగితే ముచ్చటగా ఉంటుంది.

నమూనా చూడకుండా నిర్ణయించుకోకండి. రెండడుగుల తెల్లటి అట్టముక్క మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరాక అరుగు రాబోయే చోట గోడకు ఆనించండి. ఎమల్షన్ ఆరాక సాధారణంగా కాస్త ముదురుతుంది, తడిమీద చూసి తీర్పు చెప్పకూడదు. పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఐదుకు, రాత్రి కొత్త దీపాల కింద చూడండి. పాత బూడిద గోడ మీద నేరుగా నమూనా పూస్తే చుట్టూ ఉన్న ముదురు వల్ల అది ఉన్నదానికంటే లేతగా కనిపించి మోసం చేస్తుంది, అందుకే అట్ట.

లెక్క ఇది. మీ నాలుగు గోడలూ కలిపి 532 చదరపు అడుగులు. తలుపులు, దారులు తీసేస్తే 400 దగ్గర తేలుతుంది. మంచి ఎమల్షన్ లీటరు రెండు కోట్లకు 110 నుంచి 130 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి నాలుగు లీటర్లు సరిపోతాయి. ముదురు గోడల మీద మాత్రం నేరుగా లేత రంగు వేయనివ్వకండి. రెండు కోట్లు వేసినా అడుగున బూడిద నీడ తెలిసే అవకాశం ఉంది. ఎమరీ కాగితంతో మెరుపు పోయేలా రుద్ది, దుమ్ము తుడిచి, ఒక కోటు తెల్ల ప్రైమర్ వేశాక రెండు కోట్లు రంగు. జాజుకు ఒక లీటరు డబ్బా తీసుకోండి, చిక్కటి రంగులకు తరచుగా మూడో కోటు పడుతుంది. రంగు మిషన్ మీదే కలిపించండి, పెయింటర్ చేతి అంచనాతో కలిపితే రెండోసారి అదే ఛాయ రాదు. మెరుపు లేని, కడిగితే పోని మ్యాట్ రకం అడగండి. మెరిసే రకం వేస్తే గోడ మీది ప్రతి ఎత్తుపల్లం గోడ దీపం వెలుతురులో బయటపడుతుంది. అందుకే లప్పం పని అయ్యాక, ప్రైమర్‌కు ముందు, ఒక బల్బును గోడ పక్కనే పట్టుకుని అడ్డంగా వెలుతురు పడేలా చూడండి. అలలు కనిపించిన చోట అప్పుడే మళ్లీ రుద్దించుకోవచ్చు.

పడమటి గోడకు వానాకాలంలో జల్లు కొడుతుందేమో కూడా చూసుకోండి. అద్దాల తలుపు పక్కన అడుగు భాగంలో రంగు బుడగలు తేలినా, తెల్లటి ఉప్పు లాంటి పొడి రాలినా చెమ్మ ఉన్నట్టే. అనుమానంగా ఉంటే రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలి వైపు నీటి బిందువులు పడితే ముందు బయటి పగుళ్లు మూయించాలి, రంగు ఆ తర్వాతే.

ఇప్పుడు అరుగు. వీధరుగు మీద కూర్చుంటే వెనక గోడ, పక్కన స్తంభం, ఎదురుగా వీధి. వీపు, ఒక పక్క కాపు ఉండి, కళ్లముందు ఖాళీ ఉన్న చోట మనిషి ఎంతసేపైనా కూర్చుంటాడు. మీ హాలులో ఆ చోటు ఉత్తరం గోడకు పడమటి చివర, బాల్కనీ తలుపు పక్కన. 17 అడుగుల గోడలో సోఫా ఏడడుగులు తీసుకుంటుందనుకున్నా, ఐదడుగుల అరుగుకు, మధ్య రెండడుగుల ఖాళీకి చోటుంది.

అత్తగారి మోకాళ్లను బట్టి ఎత్తు పెట్టాలి. మెత్తటి సోఫాలో తుంటి మోకాలి కంటే కిందికి దిగిపోతుంది, అందుకే లేవడం కష్టం. కూర్చున్నాక పరుపు అణిగి 18 అంగుళాల ఎత్తు మిగలాలి. చెక్క పెట్టె 15 అంగుళాలు, దాని మీద నాలుగు అంగుళాల 40 డెన్సిటీ ఫోమ్ వేస్తే ఆ లెక్క కుదురుతుంది. తక్కువ డెన్సిటీ ఫోమ్ మొదట్లో హాయిగానే ఉంటుంది, త్వరలోనే గుంటపడి మళ్లీ సోఫా కథే అవుతుంది. లోతు 22 అంగుళాలు. పెద్దావిడ కూర్చునేటప్పుడు వెనక నాలుగైదు అంగుళాల మందం దిండు ఉంటే 17, 18 అంగుళాలే మిగిలి వీపు ఆనుతుంది, పాదాలు నేలకు తగులుతాయి. పాప కూర్చునేటప్పుడు ఆ దిండు తీసేసి కాళ్లు పైకి పెట్టుకోవచ్చు.

వడ్రంగికి రెండు సంగతులు గట్టిగా చెప్పండి. ఒకటి, పెట్టె ముందు భాగం అడుగున నాలుగు అంగుళాల ఎత్తు, నాలుగు అంగుళాల లోతు లోపలికి వదలాలి. లేచేటప్పుడు పాదాలను కాస్త వెనక్కి లాక్కోవాలి, అడుగున చెక్క అడ్డం ఉంటే ఆ వీలుండదు. రెండోది, పడమటి చివర కూర్చునే ఎత్తు నుంచి ఎనిమిది అంగుళాల పైన టేకు కమ్మీ ఒకటి బిగించాలి. దాని మీద చేయి ఆనించి లేస్తారు, కాబట్టి సన్న మేకులతో కాకుండా చట్రంలోకి స్క్రూలతో దిగాలి. తూర్పు చివర, అంటే సోఫా వైపు, కూర్చునే ఎత్తు నుంచి 18 అంగుళాల పైకి వచ్చేలా పలక నిలబెట్టండి. పాప దానికి బాలీసు వేసుకుని బాల్కనీ వైపు తిరిగి, కాళ్లు చాపుకుని చదువుకుంటుంది. మీరు వెతుకుతున్న మూల ఆ పలకతోనే ఏర్పడుతుంది. అది లేకపోతే అరుగు బస్టాండు బల్లలా ఉంటుంది.

ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది, ఐఎస్ 710 ముద్ర (నీటిని తట్టుకునే మెరైన్ రకం) ఉన్నది. తడిగుడ్డతో తుడిచే నేలకు, జల్లు వచ్చే తలుపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి ఐఎస్ 303లోని ఎంఆర్ రకం (గాలిలోని చెమ్మను మాత్రమే తట్టుకునేది) ఇక్కడ వద్దు, నీరు తగిలితే అంచులు ఉబ్బుతాయి. లోపల 20 అంగుళాలకొక నిలువు పలక వేయిస్తే మధ్యలో వంగదు, మూడు సొరుగులు కూడా వస్తాయి. పైమూత తెరిచే పెట్టె చేయించకండి. ప్రతిసారీ పరుపు తీయాలి కాబట్టి నెల తిరిగేసరికి ఎవరూ తెరవరు. వెనక పలకకు అంగుళం వెడల్పు చిల్లులు నాలుగైదు పెట్టించండి, లేకపోతే కృష్ణా తీరపు ఉక్కకు లోపలి పుస్తకాలు ముక్కవాసన వేస్తాయి. ముందు మూలలు మూడు అంగుళాల మేర గుండ్రంగా తిప్పించాలి, అది నడిచే దారి. మామూలు సన్‌మైకాను అంత చిన్న వంపు మీద అతికిస్తే పగులుతుంది. ఆ మూలలో చెక్క దిమ్మ పెట్టి నునుపు చేసి పాలిష్ వేస్తే ఎన్నేళ్లైనా ఉంటుంది.

ఆర్చీ గీయడం ఒక పూట పని. వెడల్పు అరుగంతే పెట్టకండి. రెండూ ఐదడుగులే అయితే పావు అంగుళం తేడా వచ్చినా కంటికి కొడుతుంది. ఇరువైపులా నాలుగేసి అంగుళాలు ఎక్కువ ఉంచి ఐదడుగుల ఎనిమిది అంగుళాలు చేయండి. పై అంచు మీ గుమ్మాల ఎత్తుకు, ఏడడుగులకు సరిగ్గా ఉండాలి, అప్పుడే గదిలోని మిగతా గీతలతో కలుస్తుంది. మధ్య గీత మీద నాలుగడుగుల రెండు అంగుళాల ఎత్తులో ఒక మేకు, దానికి రెండడుగుల పది అంగుళాల దారం, చివర పెన్సిల్. పై సగం గుండ్రం ఇలా వస్తుంది. నిలువు గీతలు రసమట్టంతో దించండి, కంటి అంచనాతో వద్దు. టేపు పావు అంగుళం సన్నది అయితేనే వంపు తిరుగుతుంది. అంటించాక టేపు అంచు మీద ముందు గోడ రంగే ఒక చేయి పూసి ఆరనివ్వండి. సందుల్లోకి పోయేదేదో తెలుపే పోతుంది, తర్వాత వేసే జాజు బయటికి పాకదు. చివరి కోటు ఇంకా తడిగా ఉండగానే టేపును ఏటవాలుగా లాగేయండి. ఆరాక లాగితే రంగు పొరతో సహా లేస్తుంది.

గుండ్రటి ఫర్నిచర్ విషయంలో మీ హాలు వెడల్పే జవాబు చెబుతుంది. 11 అడుగులంటే 132 అంగుళాలు. సోఫా లోతు 34, కాళ్లకు 16, టీపాయ్ 30, నడిచే దారి 36, టీవీ యూనిట్ 16 అనుకుంటే సరిగ్గా 132 అయిపోయాయి. వంపు తిరిగిన సోఫాలు గోడకు ఆనవు, వెనక చోటు వృథా అవుతుంది, మీ దగ్గర వృథా చేయడానికి అంగుళం కూడా లేదు. టీపాయ్ ఒక్కటి 30 అంగుళాల గుండ్రటిది పెట్టుకోండి. మూలలు లేవు కాబట్టి మోకాళ్లకు తగలదు, గోడ మీది అర్ధచంద్రానికి జోడీగా కూడా ఉంటుంది. వంపులు అంతటితో చాలు.

హాల్లో గట్టిగా చప్పట్లు కొట్టి చూడండి. చివర చిన్న ఖంగుమనే శబ్దం వినిపిస్తే లాబీ లక్షణాల్లో అదీ ఒకటి. టైల్, అద్దం, నునుపు గోడ, అన్నీ గట్టివే. దాన్ని పీల్చేది గుడ్డ. వరంగల్ నూలు తివాచీ ఐదు బై ఎనిమిది అడుగులది టీపాయ్ కింద వేసి, సోఫా ముందు కాళ్లు దాని మీద ఆరు అంగుళాలు ఎక్కేలా జరపండి. అడుగున జారకుండా రబ్బరు జాలీ తప్పనిసరి, నున్నటి టైల్ మీద నూలు తివాచీ జారి పెద్దవాళ్లు పడతారు. కర్టెన్ రాడ్ ఏడున్నర అడుగుల పొడవు, నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో బిగించండి. 48 అంగుళాల పన్నా నూలు గుడ్డ నాలుగు పొడవులు, ఒక్కొక్కటి రెండు ముప్పావు మీటర్లు, మొత్తం 11 మీటర్లు పడుతుంది. కుచ్చు రెట్టింపుకు తగ్గితే దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది. కర్టెనుకు, పరుపు గలీబుకు గుడ్డను ముందే తడిపి ఆరబెట్టి కుట్టించండి, లేకపోతే కుట్టాక మొదటి ఉతుకుకు పొట్టిదవుతుంది.

అయితే కర్టెన్ ఎండను ఆపుతుంది గానీ వేడిని ఆపదు. అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది. బాల్కనీ బయటి అంచుకు వెదురు తడికలు వేలాడదీసి, అడుగున రెయిలింగుకు కట్టేయండి, ఐదో అంతస్తు గాలికి వదులుగా ఉంటే కొట్టుకుంటాయి. అరుగు మధ్యాహ్నం కూడా పనికిరావాలంటే అన్నిటికంటే ముఖ్యం ఇదే.

నెమలికంఠం రంగు పాపకే వదిలేయండి: అరుగు మీద బాలీసు, రెండు చిన్న దిండ్లు. జాజు ముందు ఆ నీలిపచ్చ ఎదురెదురు రంగుల్లా మెరుస్తుంది, అందుకే కొద్దిగా ఉంటేనే అందం. పెడన అద్దకపు గుడ్డ వాడాలనుంటే మాత్రం అరుగు మీద వద్దు. దాని మీది మొక్కల రంగులు నేరుగా తగిలే పడమటి ఎండకు వెలిసిపోతాయి. ఎండ నేరుగా పడని గోడకు చట్రంలో బిగించుకోండి.

ఫాల్స్ సీలింగ్ ఎందుకు వద్దన్నానంటే, అది ఆరు అంగుళాలు తినేస్తే తొమ్మిదడుగులు మిగులుతుంది. దానికింద ఫ్యాను ఇంకో అడుగు దిగుతుంది. ఆ ఖర్చుతో దీపాలు, అరుగు, తివాచీ అన్నీ అయిపోతాయి.

పనుల వరుస తప్పితే చేసిందే చేయాల్సి వస్తుంది. ముందు అరుగు మీది దీపానికి గోడ తవ్వి వైరు లాగించండి, నేల నుంచి ఐదడుగుల ఎత్తులో, తూర్పు చివరకు అడుగు లోపలికి, అప్పుడు ఆనుకున్న పాప భుజం మీదుగా వెలుతురు పుస్తకం మీద పడుతుంది. స్విచ్ అరుగు మీద కూర్చుని అందుకునే చోట ఉండాలి. ఆ తర్వాత లప్పం, ప్రైమర్, గోడ రంగు, ఆర్చీ. అరుగును వర్క్‌షాపులో చేయించి రంగులు ఆరిన వారానికి తెప్పించండి, హాల్లోనే చెక్క కోయిస్తే రంపపు పొడి తడి రంగుకు అంటుకుంటుంది. మిగిలిన రెండు రంగులనూ మూత బిగుతుగా ఉండే గాజు సీసాల్లో పోసి, రంగు నంబరు, తేదీ రాసిన చీటీ అంటించి, అరుగు కింది చివరి సొరుగులో పెట్టుకోండి. పాప బూటు గీతలు పడ్డప్పుడు చిన్న రోలర్ ముక్కతో అద్దితే సరిపోతుంది, కుంచెతో వద్దు, చారలు తెలుస్తాయి.